మోనార్క్ రెక్కకి స్టిక్కర్ అంటించడం తప్పా?

డాలస్ అమ్మ:
అక్టోబరులో మా అమ్మాయి స్కూల్లో మోనార్క్ సీతాకోకచిలుకలకి ట్యాగులు వేస్తారట. పట్టుకుని, రెక్కకి నంబరున్న స్టిక్కర్ అంటించి వదిలేయడం. అరగ్రాము ప్రాణి, మెక్సికో దాకా ఎగరాలి. నాకు మనసొప్పడం లేదు. పంపమంటారా?

పచ్చగడ్డి:
వద్దండీ. అవి చలికాలం గడిపే కొండలు 1975లోనే దొరికాయి కదా, ఇంకా పట్టుకోవడం దేనికి? 20 లక్షలకు పైగా ట్యాగులు వేస్తే మళ్ళీ దొరికినవి నూటికి ఒకటి, అంతే. 2023-24 చలికాలంలో మెక్సికోలో అవి వాలిన అడవంతా కలిపి 0.9 హెక్టార్లు. ఇంతగా తగ్గిపోయినవాటిని పిల్లల చేతికిస్తారా?

జిల్లేడు పువ్వు:
అమ్మగారూ, పంపండి. నేను ఆరేళ్ళుగా వేస్తున్నాను. మొదటిసారి వేళ్ళకి నారింజ పొడి అంటుకుంటే ప్రాణం ఉసూరుమంది, రెక్క పాడుచేశానని. పట్టు తెలిశాక ఆ పొడి రాలడం బాగా తగ్గింది. నాలుగు రెక్కలూ మూసి పట్టుకుంటే, వెనక రెక్క మధ్యలో పెద్ద గడి కనిపిస్తుంది. స్టిక్కర్ అక్కడ పెట్టి, నొక్కి, మూడు లెక్కపెట్టాలి. దాని బరువు 10 మిల్లీగ్రాములు, ఒంటి బరువులో యాభయ్యో వంతు.

పచ్చగడ్డి గారూ, ఆ కొండలకే వలస వెళ్తున్నాయని రుజువైంది ట్యాగుతోనే. కెనడాలో ఉర్‌క్వార్ట్ దంపతులు ఏళ్ళ తరబడి జనం చేత ట్యాగులు వేయించారు. 1976 జనవరిలో ఫ్రెడ్ ఉర్‌క్వార్ట్ ఆ కొండెక్కినప్పుడు, సీతాకోకచిలుకల బరువుకి పైన్ కొమ్మ విరిగిపడింది. అందులో ఒకదానికి ట్యాగు ఉంది. మినెసోటాలో ఒక టీచరు, ఇద్దరు బడిపిల్లలు వేసినది!

నూటికి ఒకటే కావచ్చు, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేది ఆ ఒక్కటే. 1992 నుంచి కాన్సస్ విశ్వవిద్యాలయంలో నడిచే మోనార్క్ వాచ్ అనే ట్యాగుల కార్యక్రమం పోగుచేసిన లెక్కలు తీసి 2020లో చూశారు. దారిలో చావులు పెరగడం వల్ల కాదు, వేసవిలో పుట్టేవే తగ్గడం వల్ల మెక్సికో సంఖ్య పడిపోతోందని తేల్చారు. అంటే వాటి గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్కలు, మన జిల్లేడుకి చుట్టాలు, పెరగాలి. మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపుమందు కొట్టి వాటిని తుడిచిపెట్టేశారు.

ఒక్క విషయంలో మాత్రం నేను మీ వైపే. ట్యాగు కోసమని గొంగళిపురుగులు కొని పెంచడం వద్దే వద్దు. అమ్మకానికి తరతరాలుగా పెంచిన మోనార్కులకి దక్షిణం వైపు తిరిగే గుణం పోతోందని 2019లో బయటపడింది.

పచ్చగడ్డి:
మిల్క్‌వీడ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ పాతికమంది పిల్లలకి ఆ పట్టు ఎవరు నేర్పుతారు? ఒక్కడు గట్టిగా పట్టుకుంటే రెక్క పోయినట్టే.

జిల్లేడు పువ్వు:
మేమైతే ముందు కాగితం రెక్కల మీద వేయిస్తాం. వలలోంచి తీసేది పెద్దవాళ్ళే. పిల్లలు స్టిక్కర్ నొక్కి, తేదీ, ఊరు, మగదా ఆడదా రాస్తారు. వెనక రెక్క మీద నల్లటి చుక్క ఉంటే మగది.

డాలస్ అమ్మ:
టీచర్ని అడిగాను. అన్నీ బయట పట్టినవేనట. వల దగ్గర పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్నారన్నారు. శనివారం నేనూ వెళ్తున్నాను.