పీహెచ్‌డీ వైపు నడిపించే పథకం ఫలించిందని ఎలా తేల్చాలి?

కొత్తపేట, గుంటూరు:
మా ఊళ్ళో ఒక సంస్థ దళిత, గిరిజన, మైనారిటీ పీజీ విద్యార్థులకు నెట్ (అధ్యాపక అర్హతకూ పరిశోధన ఫెలోషిప్‌కూ జరిగే జాతీయ పరీక్ష) శిక్షణ ఇచ్చి, పరిశోధనలో చేరేదాకా తోడుంటోంది. ఈమధ్య దాతల సమావేశంలో, తమ విద్యార్థుల్లో ఎక్కువమంది పీహెచ్‌డీలో చేరారు కనుక పథకం విజయవంతమైందని ప్రకటించారు. నేను ఒప్పుకోలేను. ప్రవేశ పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి చురుకైనవారినే తీసుకున్నారు. శిక్షణ లేకున్నా వాళ్ళు చేరేవారేమో! అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీలో 1988లో మేయర్‌హాఫ్ పథకం మొదలైంది. నల్లజాతి విద్యార్థులను విజ్ఞానశాస్త్రాల్లో పీహెచ్‌డీ వైపు నడిపించడం దాని ఉద్దేశం. అక్కడ సీటు వచ్చినా వద్దనుకుని వేరేచోట చదివినవారితో పోల్చి చూశారు. పథకంలో చదివినవారు పీహెచ్‌డీకి వెళ్ళడం సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. మనవాళ్ళూ అలాంటి పోలిక చూపాలి. చూపనిదే విరాళం ఇవ్వకూడదు.

సత్యనారాయణపురం, విజయవాడ:
సీటు వద్దనుకున్నవారు ఎందుకు వద్దనుకున్నారో కూడా చూడాలి కదండీ. డాక్టరు కావాలనుకున్న పిల్లవాడు పీహెచ్‌డీ పథకాన్ని వదులుకుంటాడు. అతనితో పోలిస్తే తేడా పెద్దదిగానే కనిపిస్తుంది. నా భయం మరొకటి. లెక్క బిగించేకొద్దీ సంస్థ గెలిచే గుర్రాలనే ఎంచుకుంటుంది. కౌలు రైతు ఇంటినుంచి వచ్చి, తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి, ఇంగ్లీషులో సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాయడానికి తడబడే అమ్మాయికి తలుపు మూసేస్తారు. ఆమె కోసమే కదా ఈ పథకాలు?

అరండల్‌పేట, గుంటూరు:
డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. పోలిక కోసం అమెరికా వెళ్ళనక్కరలేదు, నెట్ ఫలితాల్లోనే ఉంది. పరిశోధకులకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కటాఫ్ వేరు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కటాఫ్ వేరు. ఒకే సబ్జెక్టు, ఒకే కేటగిరీలో జేఆర్‌ఎఫ్ గీతకు కాస్త పైన ఉన్నవారికీ, కాస్త కింద ఆగినవారికీ తెలివిలో తేడా ఏముంటుంది? ఒకటి రెండు ప్రశ్నలే. కానీ పైవారు పరిశోధనలో చేరితే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు వస్తాయి (2023 జనవరి నుంచి ఉన్న రేటు). కిందివారు కుటుంబాన్ని పోషిస్తూ చదవాలి. అయిదారేళ్ళ తర్వాత ఈ ఇద్దరూ ఎక్కడ ఉన్నారో చూస్తే ఫెలోషిప్ ఏం చేసిందో తెలుస్తుంది. మీ సంస్థ ప్రవేశ పరీక్షకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. కొద్ది మార్కులతో సీటు పోయినవారిని వెతికి పట్టుకోవాలి.

లెక్క ఎక్కడ మొదలవుతుందన్నది ఇంకా ముఖ్యం. కరపత్రాల్లో చేరినవారి ఫొటోలే ఉంటాయి. గైడ్ దొరకక తిరిగి తిరిగి వెళ్ళిపోయినవారు, పెళ్ళయ్యాక మానేసినవారు, రెండో ఏడాదిలోనే ప్రైవేటు కళాశాలలో గెస్ట్ ఫ్యాకల్టీగా కుదిరి థీసిస్ అటకెక్కించినవారు ఎక్కడా కనపడరు. మొదటి రోజు హాజరు పట్టీలో ఉన్న ప్రతి పేరూ చివరిదాకా లెక్కలో ఉండాలి. సత్యనారాయణపురంవారు చెప్పిన అమ్మాయి కూడా.

తాడేపల్లి:
ఎంత బాగా కొలిచినా, కొలిచేది ఎవరిని? పీహెచ్‌డీ పట్టా వచ్చాక రెగ్యులర్ పోస్టు భర్తీ కాకపోతే శిక్షణ ఇచ్చిన సంస్థ ఏం చేస్తుంది? నాగార్జున విశ్వవిద్యాలయం స్టాప్‌లో దిగే స్కాలర్లను అడగండి, మొదట చెప్పేది డబ్బు ఆలస్యం గురించే. గుంటూరుకు చెందిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరిలో హైదరాబాద్‌లో మరణానికి ముందు రాసిన లేఖలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావలసి ఉందని రాశారు. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. మూల్యాంకనం అంటే విద్యార్థి ఎంత సాధించాడన్నదేనా? ఇస్తామన్న డబ్బు ఏ నెలలో అందిందో ఎందుకు కొలవరు?

కొత్తపేట, గుంటూరు:
తాడేపల్లివారి ప్రశ్న న్యాయమైనదే. పోస్టుల భర్తీ ప్రభుత్వం బాధ్యత, దాన్ని సంస్థ ఖాతాలో వేయను. అలాగని "అన్నీ పైవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి" అని సంస్థ తప్పుకోవడమూ కుదరదు. గైడ్‌ను వెతికిపెట్టడం, సినాప్సిస్ దిద్దించడం, మానేయబోయేవారిని ముందే గుర్తించడం దాని పని. వచ్చే సమావేశంలో మొదటి రోజు హాజరు పట్టీ, ప్రవేశ పరీక్ష మార్కుల జాబితా అడుగుతాను. ఇస్తే, కొద్దిలో సీటు పోయినవారికి ఫోన్లు చేసి వివరాలు రాసుకునే బాధ్యత నాది.

సత్యనారాయణపురం, విజయవాడ:
ఆ ఫోన్లలో సగం నేను చేస్తాను. కానీ ఫలితం తేలేదాకా విరాళం ఆపాలన్న మీ మాటకు మాత్రం ఒప్పుకోను. పీహెచ్‌డీ లెక్క తేలడానికి అయిదారేళ్ళు పడుతుంది. ఈ ఏడాది చేరిన పిల్లల ఫీజు గడువు అప్పటిదాకా ఆగదు.