పక్షవాతం తర్వాత నాన్నగారికి మాట రావడం లేదు, ఏం చేయాలి?

గాజువాక నుంచి రాస్తున్నాను. నాన్నగారికి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. ఆసుపత్రిలో మందుల చీటీ ఇచ్చి పంపారు. ఇంట్లో ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. మనం చెప్పేది అర్థమవుతోంది, బదులివ్వలేక ఏడుస్తున్నారు. నీళ్లు తాగితే పొలమారుతోంది. అమ్మే చెయ్యి పట్టి లేపుతోంది.

జవాబు (మద్దిలపాలెం):
ముందు పొలమారడం సంగతి చూడండి, ఆలస్యం వద్దు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టే తినిపించండి. మింగడాన్ని స్పీచ్ థెరపిస్టు పరీక్షిస్తారు. మాటకూ వారే సాధన చేయిస్తారు. మా ఆయనకు మాట రాకముందే భజన పాటలు నోట వచ్చాయి. మీ నాన్నగారికి ఇష్టమైన పాట పాడి చూడండి. అవును, కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు అడగండి.

జవాబు (పెందుర్తి, ఫిజియోథెరపిస్టు):
పడిపోయిన చెయ్యి పట్టి లాగవద్దని అమ్మగారికి ఈరోజే చెప్పండి, భుజం కీలు జారుతుంది. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లో ఫిజియోథెరపీ విభాగం ఉంది. మొదటి నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆ తర్వాతా ఆగిపోదు. ఏడుపు తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. పక్షవాతం తర్వాత కుంగుబాటు సాధారణం, దానికి చికిత్స ఉంది.

ప్రశ్న అడిగినవారు:
రేపే తీసుకెళ్తాను. అమ్మకు నడుము నొప్పి మొదలైంది, లేపే పద్ధతి ఆమెకూ నేర్పిస్తారా?

జవాబు (పెందుర్తి):
తప్పకుండా. ఆమెనూ వెంట తీసుకెళ్లండి.