చిల్డ్రన్స్ పైథానా, స్పాటెడ్ పైథానా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

నమస్కారమండీ, మాది విజయనగరం జిల్లా రాజాం. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లో ఉండే మా బావ లైసెన్స్ తీసుకుని ఒక చిన్నరకం కొండచిలువను కొన్నాడు. (1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మన కొండచిలువను ఇక్కడ ఇంట్లో పెంచితే కేసే, అక్కడి పద్ధతి వేరు.) అమ్మినాయన చిల్డ్రన్స్ పైథాన్ (అదొక జాతి పేరు) అన్నాడట, నాకేమో దాని దగ్గరి జాతి స్పాటెడ్ పైథాన్ అనిపిస్తోంది. నేను డిగ్రీలో జువాలజీ చదివానని ఫొటోలు పంపి తేల్చమంటున్నాడు!

పాము ఎదిగినదే, మీటరు లోపు ఉంది. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు మచ్చలు, అంచులు చిరిగినట్టు, బాగా స్పష్టంగా ఉన్నాయి. చిల్డ్రన్స్‌కైతే పెద్దయ్యేకొద్దీ మచ్చలు వెలిసిపోతాయి, స్పాటెడ్‌కి నిలుస్తాయి. వీటికి దగ్గరిదే ఇంకోటి, స్టిమ్సన్ రకానికి ఒంటి ముందుభాగంలో పక్కన ఉండే తెల్లచార దీనికి లేదు. అందుకే నా ఓటు స్పాటెడ్‌కే. టౌన్స్‌విల్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం తూర్పువైపు దాని సొంత ప్రాంతం కూడా, కానీ పెంపుడు పాముకి అది సాక్ష్యం కాదు కదా.

పొలుసుల వరుసలు లెక్కపెట్టినా రెండు రకాల అంకెలూ కలిసిపోతాయి. పైగా 2021లో శాస్త్రవేత్తలు స్టిమ్సన్‌ను చిల్డ్రన్స్ జాతిలోనే కలిపేశారు. ఒకవేళ ఇది రెండు రకాల సంకరమైతే ఫొటోల్లో పట్టుకోగలమా? ఇంకా ఏ భాగం ఫొటో తీయమనాలి? రికార్డులో జాతి పేరు రాయాలని బావకి టెన్షన్. వీటిని పెంచినవాళ్ళుంటే చెప్పండి.