ప్రభుత్వ ఓపెన్ సోర్స్ వేదికను తిరిగి రూపొందించాలంటే జనాన్ని ఎలా అడగాలి? మీ అనుభవాలు రాయండి

తెరచాప:
అందరికీ నమస్కారం. ప్రజల డబ్బుతో రాయించిన సాఫ్ట్‌వేర్ ప్రజలకు అందుబాటులో ఉండాలన్న ఆలోచన మన దేశానికి కొత్త కాదు. ప్రభుత్వంలో ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చదివి మార్చుకోగల సాఫ్ట్‌వేర్) వాడకం గురించీ, ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచి కలిసి అభివృద్ధి చేయడం గురించీ కేంద్రం 2015లోనే రెండు విధానాలు ప్రకటించింది. అలా తెరిచిన కోడ్‌కు చోటుగా 2017లో ఓపెన్‌ఫోర్జ్ వచ్చింది. 2020 మే నెలలో ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే వెబ్‌సైటులో పెట్టారు. సర్వర్ వైపు కోడ్ అదే ఏడాది నవంబరులో ఓపెన్‌ఫోర్జ్‌లోకి వచ్చింది.

కోడ్‌ను తెరవడం ఒక పని. దాన్ని నలుగురూ వెతుక్కుని, చదివి, బాగుచేసి తిరిగి ఇచ్చే చోటును నడపడం అంతకన్నా పెద్ద పని. ఇలాంటి వేదికను మళ్లీ రూపొందించేటప్పుడు ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, వచ్చిన మాటలను ఏం చేయాలి అన్నదాని మీద మేము కొందరం కలిసి ఒక సూచనల పత్రం రాస్తున్నాం. మీరు ఏ దేశంలోనైనా ఇలాంటి అభిప్రాయ సేకరణను దగ్గరగా చూసి ఉంటే రాయండి. కోరికల జాబితా మా దగ్గర ఇప్పటికే ఉంది. ఎలా అడిగారు, మీరేం చెప్పారు, ఆ తర్వాత ఏమైంది అన్నవి కావాలి.

పొటోమాక్ తీరం:
నేను అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టు పనులు చేసే ఒక సంస్థలో ఉంటాను. 2016లో ఇక్కడి సోర్స్ కోడ్ విధానం ముసాయిదా మీద జరిగిన చర్చను రోజూ చదివేవాడిని. మార్చిలో ముసాయిదాను నేరుగా గిట్‌హబ్‌లో పెట్టారు. అభిప్రాయం చెప్పాలంటే ఒక ఇష్యూ, అంటే ఒక చర్చాంశం, తెరవాలి. ఫలానా వాక్యం మార్చాలనుకుంటే మార్చి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు తీసుకోండి అన్న వినతి) పంపాలి. అది చేతకానివాళ్లకు ఈమెయిలు దారి ఉంచారు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ప్రభుత్వ శాఖలు కూడా అదే పేజీలో, అందరి ముందూ, తమ అభిప్రాయం రాయడం. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ నుంచి వచ్చిన ఒక వ్యాఖ్య, కోడ్ తెరవడాన్ని ఎఫ్‌బీఐ వ్యవస్థల కోడ్ మాఫియా చేతిలో పెట్టడంతో పోల్చింది. దాని మీద పెద్ద దుమారం రేగింది. తర్వాత ఆ శాఖే ఆ మాటను వెనక్కి తీసుకుని వేరే అభిప్రాయం పెట్టింది. మూసిన గదిలో అయితే ఆ భయం ఎవరూ ప్రశ్నించకుండానే విధానంలోకి చేరిపోయేది. బయట చెప్పారు కాబట్టే జవాబు చెప్పే అవకాశం దొరికింది.

ఆగస్టు 8న తుది విధానం వచ్చింది. కొత్తగా రాయించిన కోడ్‌లో కనీసం 20 శాతం తెరవాలని మూడేళ్ల ప్రయోగంగా పెట్టారు. నవంబరులో కోడ్.గవ్ అనే వెబ్‌సైటు ప్రారంభమైంది. ప్రతి సంస్థా తన దగ్గరున్న కోడ్ వివరాలను ఒక నిర్దిష్ట జాబితా ఫైలులో ఇస్తే, కోడ్.గవ్ వాటిని చేర్చి చూపించేది. మీ పత్రంలో ఇది తప్పక రాయండి: కోడ్ అంతా ఒకే చోటికి తరలించమని శాఖలను బతిమాలనక్కరలేదు. ఎక్కడున్నదో తెలిపే జాబితా ఒక్కటి సరిగా ఉంటే చాలు, వెతికేవాడికి పని జరుగుతుంది.

పన్నుల కౌంటర్:
నేను ప్రోగ్రామర్‌ను కాదు. ఒక పురపాలక సంఘంలో ఆస్తి పన్ను కౌంటర్లో పనిచేస్తాను. పై పోస్టు చదివాక ఒక్క మాట అడగాలనిపించింది. గిట్‌హబ్‌లో అడిగితే నాలాంటివాళ్లు ఎక్కడ చెప్పాలి?

మేము వాడే ఒక సాఫ్ట్‌వేర్ మారే ముందు మాకూ ఒక ఫారం పంపారు. మొత్తం ఇంగ్లిషులో ఉంది. సాఫ్ట్‌వేర్ మీకు ఎంత తృప్తిగా ఉందో ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయమన్నారు. నేను మూడు వేశాను, పక్క సీటులో ఆయన నాలుగు వేశారు. వాటి నుంచి ఎవరికి ఏం అర్థమవుతుంది?

అడగాల్సింది వేరు. అసెస్‌మెంట్ నంబరు తెలియకుండా వచ్చిన మనిషి ఇంటిని ఎలా వెతుకుతున్నారు? ఇంటి యజమాని చనిపోతే మ్యుటేషన్ (పేరు మార్పిడి) అయ్యేలోపు రసీదు ఎవరి పేరున ఇస్తున్నారు? డోర్ నంబర్లు మారిన వీధిలో పాత నంబరు పట్టుకుని వచ్చినవారికి ఏం చెబుతున్నారు? ఇలా అడిగితే గంటసేపు చెప్పగలను. మా కౌంటర్ల దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది, సాఫ్ట్‌వేర్లో కుదరనివన్నీ అందులో రాసుకుంటాం. ఆ పుస్తకాలు తెరిపించి చూసినవారు ఇంతవరకు లేరు.

తెరచాప:
పన్నుల కౌంటర్ గారూ, మీ నోటు పుస్తకం సంగతి మా పత్రంలో మొదటి పేజీలోకి వెళ్తుంది. ఇంకా రాయండి, దయచేసి.

అక్షరమాల:
తెలుగు స్థానికీకరణ పనుల్లో స్వచ్ఛందంగా ఉంటాను కాబట్టి పేర్ల వెతుకులాట గురించి చెబుతాను. కౌంటర్లో ఆయన పడే ఇబ్బందిలో సగం దీనివల్లే అయి ఉంటుంది.

‘రాజ్‌కుమార్’ అని రాసేటప్పుడు జ్ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) గుర్తు వస్తుంది. దాని పని పక్క అక్షరం వత్తుగా మారకుండా ఆపడం. అది లేకపోతే ‘రాజ్కుమార్’ అవుతుంది. ఒక ఉద్యోగి ఆ గుర్తుతో నమోదు చేసి, మరొకరు అది లేకుండా వెతికితే కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేరు పేర్లు. ‘వివరాలు లభ్యం కాలేదు’ అని వస్తుంది, మనిషి వెనక్కి వెళ్లిపోతాడు. వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోకుండా పోల్చాలి, చూపించేటప్పుడు మాత్రం ఉంచాలి. కొద్ది వరుసల కోడ్‌తో అయ్యే పని ఇది. కానీ ఆ కోడ్ రాసే ఊళ్లో తెలుగు చదివేవారు లేకపోతే ఆ లోపం ఉందనే తెలియదు.

ఇంకొకటి. మన కార్యాలయాల్లో పాత పత్రాలు చాలావరకు అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. తెర మీద తెలుగులా కనిపిస్తాయి కానీ లోపల ఉన్నవి వేరే సంకేతాలు. వాటిని మార్చే పరికరాలు ఎక్కడివక్కడ ఎవరికి వారు రాసుకున్నారు. ప్రభుత్వ వేదిక అంటూ ఒకటి ఉన్నప్పుడు ఇలాంటి ఉమ్మడి పరికరాలు అందులో ఉండాలి. ప్రతి శాఖా మళ్లీ మొదటి నుంచి డబ్బు పెట్టి చేయించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కాటలాన్ వీధి:
బార్సిలోనాలో చదువుకుంటున్నాను. ఇక్కడి డెసిదిమ్ అనే ప్రజాభిప్రాయ వేదిక గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీరు అడుగుతున్న ప్రశ్నకు ఇంత దగ్గరి ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు.

2016 ఫిబ్రవరిలో నగరపాలక సంస్థ తన నాలుగేళ్ల ప్రణాళిక మీద జనాన్ని అడగడానికి దీన్ని ప్రారంభించింది. మాడ్రిడ్ నగరం తయారుచేసుకున్న కాన్సుల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకుని మొదలుపెట్టారు, తర్వాత తమ అవసరాలకు తగ్గట్టు మొదటి నుంచి తిరగరాశారు. ఆ మొదటి విడతలోనే 10 వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. అవన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని రాసినవి కావు. పేటల్లో వందల సమావేశాలు పెట్టి, అక్కడ నోటితో చెప్పినవాటిని కూడా అదే వేదికలో నమోదు చేశారు. పన్నుల కౌంటర్ గారు అడిగిన ప్రశ్నకు ఇదొక జవాబు అనుకుంటాను.

అన్నిటికన్నా ముఖ్యం ఏమిటంటే, ప్రతిపాదనకు జవాబు ఉంటుంది. ఒప్పుకుంటే ఏ పనిలో చేరిందో చూపుతారు. కాదంటే కారణం రాస్తారు. ఆ కారణం నచ్చకపోవచ్చు, కానీ దాని మీద మళ్లీ వాదించడానికి చేతిలో ఒక కాగితం ఉన్నట్టు ఉంటుంది.

మీకు ఇంకా పనికొచ్చేది మెటాడెసిదిమ్. డెసిదిమ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలి, ఏ సౌకర్యం రావాలి, ఎక్కడ లోపం ఉంది అన్న చర్చ ఆ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. వేదికను మార్చమని అడిగేవాళ్లు ఆ వేదికనే వాడుతూ అడుగుతారు కాబట్టి, దానిలో ఏది మొరాయిస్తుందో నడిపేవాళ్లకు అక్కడికక్కడే తెలుస్తుంది. కోడ్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉంది. వేరే నగరాలు తీసుకుని మార్చుకుని నెట్‌లో సేవగా నడిపితే, ఆ మార్పులు కూడా వాడేవారికి అందాలి.

ముత్యాల ముగ్గు:
అక్కడ ప్రతిపాదనలకు మద్దతు ఓట్లు వేస్తారు కదా? ఎక్కువ ఓట్లు వచ్చినవే చేద్దాం అంటే పని తేలిక. మన దగ్గరా అదే పెట్టొచ్చు అనిపిస్తోంది.

వినే చదువరి:
దానికి నేను గట్టిగా అభ్యంతరం చెబుతున్నాను.

నాకు చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఓపెన్ సోర్స్ స్క్రీన్ రీడర్‌తో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ వింటూ పనిచేస్తాను, ఉపాధ్యాయుడిని. ఒక ప్రభుత్వ శాఖ తన వెబ్‌సైటు మార్పు గురించి అభిప్రాయాలు అడిగింది. ఫారం చివర బొమ్మలో ఉన్న అక్షరాలు చూసి టైపు చేయమంది. శబ్దం వినిపించే మార్గం లేదు. వెబ్‌సైటు నాకు అందుబాటులో లేదని చెప్పడానికి వెళ్లినవాడిని, ఆ మాట చెప్పే ఫారమే లోపలికి రానివ్వలేదు. చివరికి మా అబ్బాయి వచ్చాక పంపాను. పంపిన తర్వాత ఏమైందో తెలియదు, ఎందుకంటే రసీదు నంబరు కూడా రాలేదు.

ఓట్లు లెక్కపెడితే మేము ఎప్పుడూ తక్కువమందిమే. స్క్రీన్ రీడర్‌కు అనువుగా బటన్లకు పేర్లు పెట్టండి అన్న సూచనకు పది ఓట్లు వస్తాయి, రంగులు మార్చండి అన్నదానికి వెయ్యి వస్తాయి. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. అందరికీ అందుబాటు అన్నది వాటిలో ఉన్న నియమం. నియమాన్ని ఓటుకు పెట్టకూడదు. అభిప్రాయ సేకరణ మొదలయ్యేలోపే ఆ ఫారాన్ని మాలాంటివాళ్లతో నింపించి చూడాలి.

ముత్యాల ముగ్గు:
నిజమే. ఈ కోణం నాకు తట్టలేదు. ఓట్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తాళం చెవి:
భద్రతా లోపాలు వెతికే పనిలో ఉన్నాను. నాది వేరే రకం ఇబ్బంది. అన్ని సూచనలూ అందరి ముందూ రాయమంటే లోపం కనిపెట్టినవాళ్లు రాయలేరు, రాయకూడదు కూడా. సరిచేసేలోపు ఎవరైనా వాడుకుంటారు. అలాగని ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుంటున్నవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లడం తప్పు. మంచి ఉద్దేశంతో చెప్పినా కేసు పెడతారేమో అన్న భయం కుర్రాళ్లలో చాలా ఉంది.

ఆరోగ్యసేతు కోడ్ తెరిచినప్పుడు లోపాలు చెప్పినవారికి బహుమతులు కూడా ప్రకటించారు. ఆ ఒక్క యాప్‌కు చేసిన పని వేదికలోని ప్రతి ప్రాజెక్టుకూ ఉండాలి. లోపం ఎవరికి పంపాలో తెలిపే చిన్న ఫైలు వెబ్‌సైటులో ఒక నిర్ణీత చోట పెట్టడానికి 2022లో ఒక ప్రమాణమే వచ్చింది. దాంతోపాటు, ఫలానా హద్దుల్లో పరీక్షించి మాకు ముందుగా చెప్పినవారి మీద చర్య తీసుకోము అని రాతపూర్వకంగా ఉండాలి. ఆ ఒక్క పేరా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

పొటోమాక్ తీరం:
తాళం చెవి గారి మాటకు నా పూర్తి మద్దతు.

తెరచాప:
ఇప్పటికి పత్రంలో చేర్చినవి చెబుతాను, తప్పనిపిస్తే దిద్దండి. ప్రతి సూచనకూ ఒక నంబరు, దాని స్థితి అందరికీ కనబడాలి. కాదన్నవాటికి కారణం, ఆ కారణం రాసిన అధికారి హోదా ఉండాలి. శాఖల అభ్యంతరాలు కూడా అదే పేజీలో రావాలి. భద్రతా లోపాలకు విడిగా గోప్యమైన దారి ఉండాలి. అందుబాటు నియమాలు ఓటింగుకు బయట ఉండాలి. తెలుగు వెతుకులాటకు, ఫాంటు మార్పిడికి ఉమ్మడి కోడ్ గురించి అక్షరమాల గారు ఒక పేజీ రాసిస్తామన్నారు.

గడువు గురించి ఇంకా తేలలేదు. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. అదే ఇక్కడా అడుగుదామని కొందరు అంటున్నారు. నాకు మాత్రం 30 రోజుల తర్వాత తలుపు మూసేయడం నచ్చడం లేదు. సాఫ్ట్‌వేర్ ప్రతి నెలా మారుతుంది, సూచనల దారి కూడా ఏడాది పొడుగునా తెరిచే ఉండాలి.

పన్నుల కౌంటర్ గారూ, మీ దగ్గరకు ఇద్దరం వచ్చి ఆ నోటు పుస్తకాలు చూడవచ్చా? పేర్లు, నంబర్లు ఏవీ రాసుకోము, సమస్యలు మాత్రమే.

పన్నుల కౌంటర్:
రండి. మా కమిషనర్ గారి అనుమతి నేను అడుగుతాను. మార్చి నెలాఖరులో మాత్రం వద్దు, అప్పుడు తల ఎత్తే తీరిక ఉండదు. ఏప్రిల్లోనూ 5 శాతం రాయితీ కోసం వరుస ఉంటుంది. జూన్‌లో అయితే మధ్యాహ్నం మూడు తర్వాత కౌంటర్ ఖాళీ. మా పక్క వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయిలను కూడా పిలుస్తాను, వాళ్ల పుస్తకాలు నాదానికన్నా లావు.