టీ ఆకుల మీద హార్మోన్ కొడితే సువాసన పెరుగుతుందా?

లేతచిగురు:
నా దగ్గర కుండీల్లో ఆరు టీ మొక్కలున్నాయి. చిగుళ్లు కోసి, చేత్తో నలిపి బ్లాక్ టీ చేసుకుంటున్నాను. రంగు బాగానే దిగుతోంది కానీ వాసన మాత్రం ఎండుగడ్డిలా ఉంటోంది. మిథైల్ జాస్మోనేట్ అనే హార్మోన్‌ని పలచగా కలిపి ఆకుల మీద కొడితే పూల వాసన వస్తుందని చదివాను. పేరులోనే జాస్మిన్ ఉంది, అంటే సెంటు పూసినట్టేనా? అలాగైతే నాకొద్దు. ఎవరైనా చేసి చూశారా?

పురుగులపిచ్చి:
సెంటు కాదండీ. 1962లో జాజిపూల నూనెలోంచి మొదటిసారి దాన్ని వేరుచేశారు కాబట్టి ఆ పేరు. మొక్కకి మాత్రం అది ప్రమాద హెచ్చరిక. పురుగు కొరకగానే ఆకులోని లినోలెనిక్ ఆమ్లం నుంచి జాస్మోనిక్ ఆమ్లం తయారై రక్షణ జన్యువుల్ని లేపుతుంది, దాంతో లినలూల్, జెరేనియాల్, నెరోలిడాల్ లాంటివి పెరుగుతాయి, అవే మనకి పూల వాసనలు. మీరు స్ప్రే చేయడమంటే రాని పులిని చూపించి "నాన్నా పులి" అని అరవడమే, మొక్క నమ్మేస్తుంది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ టీ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం) కోసం నిజం పులినే రానిస్తారు, అంటే పచ్చదోమ అనే పురుగు చిగుళ్లని పీల్చేదాకా మందు కొట్టకుండా ఆగుతారు. ఆ టీకి తేనె వాసన అలా వచ్చిందే.

గోరువెచ్చన:
నేను చేశాను, మొదటిసారి మొత్తం చెడగొట్టుకున్నాను కూడా. అది నీళ్లలో సరిగ్గా కలవదు, ముందు కొంచెం ఆల్కహాల్‌లో కరిగించాలి. డోసు ఎక్కువైందేమో, రెండు వారాలు కొత్త చిగురు కదల్లేదు, ముదురాకులు పసుపుబారి రాలాయి. పోల్చి చూద్దామని స్ప్రే కొట్టని మొక్కని పక్కనే పెట్టడం ఇంకో తెలివితక్కువ పని. ఇది ఆవిరవుతుంది కదా, దానికీ తగిలే ఉంటుంది, పోలిక గోవిందా. రెండోసారి బాగా పలచన చేసి, స్ప్రే కొట్టని మొక్కని దూరంగా పెట్టి, కొట్టిన మర్నాడు కోశాను (గంటలోనే కోస్తే లాభం లేదు, జన్యువులు లేచి పని మొదలుపెట్టాలి కదా). వాడబెట్టిన పళ్లెం మీద గుడ్డ తీయగానే తేడా తెలిసింది, ఒకదాంట్లో మామూలు పచ్చాకు, రెండోదాంట్లో పూలు, వాటి వెనకాల సన్నగా నొప్పుల బామ్ వాసన. ఆ బామ్ మిథైల్ సాలిసిలేట్ అయ్యుంటుంది. ల్యాబ్ వాడకానికి అమ్మే సీసా కాబట్టి ఆ టీ తాగలేదు, పారబోశాను. మీరూ తాగకండి.

నీడపట్టున:
అసలు హార్మోన్ దాకా ఎందుకు? కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. నీరు తగ్గి, అంచులు నలిగేకొద్దీ తనే జాస్మోనేట్ తయారు చేసుకుంటుంది, ఊలాంగ్ ఆకుని బుట్టల్లో కుదిపేది అందుకే. నెరోలిడాల్, ఇండోల్ అప్పుడే పెరుగుతాయి. (ఇండోల్ కొంచెమైతే మల్లెపూలు, ఎక్కువైతే మరుగుదొడ్డి!) పైగా జెరేనియాల్, లినలూల్‌లో చాలా భాగం ఆకులో చక్కెరకి కట్టేసి ఉంటుంది, అప్పుడు దానికి వాసనే ఉండదు. ఆకు నలిగి ఎంజైములు కలిస్తేనే ఆ ముడి విడుతుంది. స్ప్రేతో ఎంత పెంచినా ఇక్కడ తేడా వస్తే అంతా వృథా. మీరు ఎంతసేపు వాడబెడుతున్నారు?

లేతచిగురు:
మూడు గంటలు. డాబా మీద, ఎండలో.

నీడపట్టున:
దొరికింది దొంగ! అంత ఎండలో ఆకు వాడదండీ, ఉడుకుతుంది. నీడలో, పలచగా పరిచి, పన్నెండు గంటలకి పైనే ఉంచండి. కాడ వంచితే టప్‌మని విరక్కుండా వంగాలి, అప్పుడు నలపండి.

లేతచిగురు:
సరే, ఈ రాత్రికే పరుస్తాను. మా పిల్లికి అందకుండా ఎక్కడ పరచాలన్నదే ఇప్పుడు టెన్షన్.