కాథెటర్ (యూరిన్ ట్యూబ్) పక్క నుంచి యూరిన్ కారుతోంది, మీకు ఎలా తగ్గింది?

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి రోబోటిక్ ఆపరేషన్ అయి ఈరోజుకి 6వ రోజు, కాథెటర్ 10వ రోజు తీస్తామన్నారు. బ్యాగ్‌లోకి యూరిన్ బాగానే వస్తోంది, ఎర్రజీర కూడా నిన్నటితో పోయింది. కానీ 3వ రోజు నుంచి ఉన్నట్టుండి పొత్తికడుపు గట్టిగా పట్టేసి, అర్జెంటుగా వెళ్లాలనిపించి, ట్యూబ్ పక్క నుంచి కారిపోతోంది. ఉండేది నిమిషమే, కానీ ప్రాణం పోయినంత పనవుతోంది. మోషన్‌కి కూర్చుంటే తప్పకుండా వస్తోంది, రాత్రి 2, 3 గంటల మధ్య ఇంకోసారి.

ట్యూబ్‌లో మెలికలేమీ లేవు, చూశాను. బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉంచుతున్నా. తొడకి వేసిన ప్లాస్టర్ లాగుతోందేమోనని కొంచెం వదులిచ్చి మళ్లీ అంటిస్తే ఒక పూట హాయిగా ఉంది, తర్వాత మామూలే. ముక్కాల్సిన పని లేకుండా సిరప్ తాగుతున్నా, నీళ్లు రోజుకి 2.5 లీటర్లు. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఇవి బ్లాడర్ స్పాజమ్స్ (మూత్రాశయం పట్టేయడం), భయం లేదు, జ్వరం వచ్చినా బ్యాగ్‌లోకి యూరిన్ ఆగినా వెంటనే రండి అని చెప్పి మాత్ర రాశారు. రెండు రోజులుగా వేసుకుంటున్నా, నోరు ఎండిపోవడం తప్ప పెద్ద తేడా లేదు.

ఇదే ఆపరేషన్ అయినవాళ్లు చెప్పండి, కాథెటర్ తీసేదాకా ఈ పట్టేయడం, కారడం తగ్గడానికి మీకు ఏం పనిచేసింది?