మెరీనా ఎండలో కెమెరా స్క్రీన్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: చెన్నై మెరీనాలో పొద్దున 8 దాటితే స్క్రీన్‌పై ఫొటో చీకటిగా కనిపిస్తోంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) పెంచితే, ఇంటికెళ్లి చూసేసరికి ఆకాశం తెల్లగా పోయి ఉంటోంది. ఏం చేయాలండీ?

జవాబు 1: స్క్రీన్ వెలుతురు కాదు, హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఫొటోలో చీకటి భాగాలను ఎడమన, వెలుతురు భాగాలను కుడిన చూపే గ్రాఫ్. గ్రాఫ్ కుడి అంచుకు గుద్దుకుందంటే వివరాలు పోయినట్టే. హైలైట్ అలర్ట్ ఆన్ చేస్తే పోయినచోట మిణుకుమిణుకుమంటుంది. ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ (వెలుతురు కొలమానం) తగ్గించి మళ్లీ తీయండి. అలల మీది తళుకు మిణుకుమంటే వదిలేయండి, అది పోయేదే.

జవాబు 2: రా (RAW, కెమెరా మెరుగులు దిద్దని ఫైల్) తీసినా ఆ గ్రాఫ్ జేపెగ్‌దే, అంటే కెమెరా తయారుచేసే మామూలు ఫొటోదే. పిక్చర్ స్టైల్ (రంగులు, కాంట్రాస్ట్ సెట్టింగ్) న్యూట్రల్‌లో పెడితే గ్రాఫ్ రా ఫైల్‌కు కాస్త దగ్గరగా ఉంటుంది.

జవాబు 3: ఫోకస్ మాటేమిటి? చిన్న తెరపై అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి! 100 శాతం జూమ్ చేసి కనురెప్పల వెంట్రుకలు చూడండి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా అయితే వ్యూఫైండర్‌లోనే, అంటే కన్ను ఆనించి చూసే చోటే, తీసిన ఫొటో చూడొచ్చు, ఎండ గొడవుండదు.